బేస్‌మెంట్ నుంచి చెత్త డబ్బాలు పైకి తేవడానికి బ్యాటరీ టగ్ కొంటున్నాం, ఏం చూడాలి?

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
అందరికీ నమస్తే. విశాఖ బీచ్ రోడ్డు దగ్గర ఒక హోటల్లో ఫెసిలిటీ పని చూస్తాను. మా చెత్త గది బేస్‌మెంట్లో ఉంది. తడి చెత్తకి 1100 లీటర్ల నాలుగు చక్రాల డబ్బాలు పెట్టారు, తెల్లవారుజామున చెత్త బండి వచ్చేలోపు అవన్నీ కార్ల ర్యాంపు మీదుగా రోడ్డు దగ్గరికి రావాలి. ఇప్పుడు ఒక్కో డబ్బాకి నలుగురు, ఇద్దరు పై నుంచి లాగుతూ ఇద్దరు కింద నుంచి భుజం పెట్టి తోస్తూ తెస్తున్నారు. పెళ్లిళ్ల సీజన్లో విందు జరిగిన రాత్రి తెల్లారితే వాళ్ల అవస్థ చూడలేం. నడుము పట్టేసిందని సెలవు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు, ఈమధ్య ఒకామె పాదం మీద చక్రం ఎక్కి వాచిపోయింది. ఎలాగో పైవాళ్లని ఒప్పించి బ్యాటరీ టగ్ ఒకటి కొనడానికి ఓకే తెచ్చుకున్నా, హ్యాండిల్ పట్టుకుని పక్కన నడుస్తూ నడిపే, డబ్బాలు లాగే చిన్న బండి. సేల్స్ వాళ్లు వచ్చి ఒకరు టన్ను లాగుతుందని, ఇంకొకరు టన్నున్నర లాగుతుందని చెప్పి వెళ్లారు. ఆ ఒక్క మాట మీద కొనాలంటే టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు
ఆ డబ్బులతో ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే సరిపోదా అన్నా? మెషీన్ పాడైన రోజు ఎలాగూ మనుషులే తోయాలి.

పరవాడ_సేఫ్టీ
తమ్ముడూ, మనుషుల్ని పెంచితే బరువు పంచుకున్నట్టు అనిపిస్తుంది గానీ ర్యాంపు మీద అలా జరగదు. అందరూ ఒకేసారి ఒకే బలంతో తోయలేరు, ఒకడి కాలు జారితే ఆ క్షణంలో మొత్తం బరువు మిగతావాళ్ల మీదికి వస్తుంది. కింద భుజం పెట్టిన ఇద్దరి గురించే నాకు భయం. డబ్బా వెనక్కి వస్తే ఒక పక్క గోడ, ఇంకో పక్క కార్లు, వాళ్లు ఎటు తప్పుకుంటారు?

ఫెసిలిటీ గారూ, టగ్ సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. 1100 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఖాళీగానే 60 కిలోల దగ్గర ఉంటుంది. తయారీదారులు ఇచ్చే లోడు పరిమితి చాలావరకు లీటరుకి 0.4 కిలోల చొప్పున ఉంటుంది, అంటే 240 లీటర్ల డబ్బాకి 96 కిలోలు, 1100కి 440. అంటే డబ్బాతో కలిపి అర టన్ను. హోటల్ తడి చెత్త, అందులో సాంబారూ పులుసూ కలిసినది, లీటరుకి అర కిలో అనుకున్నా అంచు దాకా నింపితే 550 దాటిపోతుంది. డబ్బాలో చోటు ఉంది కదా అని నింపుతారు, చక్రాలకేమో అంత శక్తి ఉండదు. తడి చెత్త డబ్బాలకి లోపల ముప్పాతిక దగ్గర రంగుతో గీత గీయించండి, అది దాటి నింపకూడదని కిచెన్ వాళ్లకి చెప్పండి. రూపాయి ఖర్చు లేని పని.

రెండోది, వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి తీసుకోండి, హార్బర్లో చేపలు తూచేలాంటిదే, 100 కిలోల పైన చూపించేది. డబ్బా హ్యాండిల్‌కి తగిలించి నేలకి సమాంతరంగా మెల్లగా లాగండి. కదిలే క్షణంలో ఎంత చూపిస్తుందో, కదిలాక నడుస్తున్నప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకోండి. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం కదిలించడానికైనా ఆపడానికైనా మగవాళ్లకి 20 కిలోల బలం, ఆడవాళ్లకి 15. నడుస్తూ ఉంచడానికి 10, 7. అది కూడా 20 మీటర్ల లోపు దూరానికి, చేతులు కిందికి వదిలితే పిడికిలి ఉండే ఎత్తుకీ భుజానికీ మధ్య ఉన్నప్పుడు. దాటితే నేరమని కాదు, దాటితే ఇంకాస్త లోతుగా చూసి మార్చాల్సింది ఉందని అర్థం. కొలిచి వచ్చి ఇక్కడ చెప్పండి.

సీతమ్మధార_అపార్ట్‌మెంట్
మాది మామూలు అపార్ట్‌మెంట్, హోటల్ అంత చెత్త ఉండదు. మేము పెద్ద డబ్బాలు తీసేసి 240 లీటర్లవి రెండు చక్రాలవి పెట్టాం. వాచ్‌మన్ ఒక్కడే వంచి లాక్కెళ్లిపోతాడు. మెషీన్ దాకా వెళ్లేముందు అది కూడా ఆలోచించండి.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
సేఫ్టీ గారూ, కొలిచాను, చాలా థ్యాంక్స్. గీత దాకా నింపిన డబ్బా, చక్రాలు బాగున్నది, బేస్‌మెంట్ సమతల నేల మీద కదలడానికి 18 చూపించింది. పక్కనే ఉన్న ఇంకో డబ్బా, అదే బరువు, 40 దాటింది! తిరగేసి చూస్తే ఒక చక్రం బేరింగ్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, ఇంకో చక్రానికి ప్లాస్టిక్ తాళ్లు, వెంట్రుకలు చుట్టుకుపోయి అసలు తిరగట్లేదు. మేస్త్రి దగ్గర నీటి మట్టం పైపు తెప్పించి ర్యాంపు కూడా కొలిచాం. పది మీటర్లకి మీటరు ఎత్తు.

సీతమ్మధార గారూ, 240వి కూడా అనుకున్నాను. మా చెత్తకి చాలా డబ్బాలు కావాలి, అన్ని ట్రిప్పులు వేయాలి, చెత్త గదిలో అంత చోటు లేదు. ఒక భాగం మాత్రం మార్చగలం, పులుసు ఎక్కువ ఉండే కిచెన్ చెత్తకి.

పరవాడ_సేఫ్టీ
చూశారా, చక్రాల తేడాయే బలాన్ని రెట్టింపు పైన చేసింది. విశాఖలో సముద్రం గాలికి మామూలు ఇనుప బేరింగ్ ఎన్నాళ్లో ఉండదు, అందులోనూ మీది బీచ్ రోడ్డు. కొత్త చక్రాలు వేయిస్తే గాల్వనైజ్డ్ ఫోర్కు (చక్రాన్ని పట్టి ఉంచే భాగం), సీల్డ్ బేరింగ్ ఉన్నవి అడగండి. చుట్టుకున్న తాళ్లు కోయడం వారానికోసారి ఎవరి పనో పేరు రాసి పెట్టండి.

ఇక ర్యాంపు. పదికి ఒకటి వాలులో 500 కిలోల డబ్బా కిందికి లాగే బలమే 50 కిలోలు, చక్రాల రాపిడి అదనం. మీ నలుగురూ మోస్తున్నది ఇదే. పన్నెండుకి ఒకటి అయినా 42 ఉంటుంది. కాబట్టి అక్కడ మెషీన్ కావాల్సిందే, దాంట్లో సందేహం లేదు.

గాజువాక_మెకానిక్
ఆటోనగర్లో బ్యాటరీ స్టాకర్లు, పాలెట్ ట్రక్కులు, టగ్‌లు రిపేర్ చేస్తుంటాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి మాస్టారూ.

సేల్స్ వాళ్లు చెప్పే టన్ను లెక్క సమతలమైన, నున్నటి, పొడి నేల మీది లెక్క. వాలు మీద ఎంత అనేది స్పెసిఫికేషన్ కాగితంలో వేరే ఉంటుంది, లేకపోతే రాసిమ్మని అడగండి, లోడుతో ఎంత శాతం వాలు ఎక్కుతుంది అని. మీ ర్యాంపు 10 శాతం. అయితే ఎక్కడం ఒక్కటే చూస్తే సగం చూసినట్టే. నా దగ్గరికి వచ్చే బండ్లలో, వాటితో పాటు వచ్చే కథల్లో, ఎక్కలేక ఆగిపోయినవి తక్కువ, దిగేటప్పుడు ఆగనివి ఎక్కువ. ఎక్కలేకపోతే పని ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతే మనిషి పోతాడు. చెత్త బండి ఒక రోజు రాకపోయినా, వచ్చినా నిండిపోయి ఉన్నా, నిండు డబ్బానే మళ్లీ కిందికి దించాల్సి వస్తుంది కదా, దాన్ని దృష్టిలో పెట్టుకుని కొనండి.

బ్రేకు ఎలా పనిచేస్తుందో అడగండి. మంచి టగ్‌లో ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్రేకు ఉంటుంది, లోపల స్ప్రింగు ఎప్పుడూ బ్రేకుని బిగించి పట్టుకునే ఉంటుంది, కరెంటు అందినప్పుడే అది వదులుతుంది. అంటే మీరు థ్రాటిల్ వదిలేసినా, బ్యాటరీ అయిపోయినా, వైరు ఊడినా, తాళం తీసేసినా బండి ఆగిపోతుంది. ఇది తప్ప ఇంకోటి తీసుకోవద్దు. అలాగే హ్యాండిల్ చివర పొట్టకి తగిలే పెద్ద బటన్ ఉండాలి. వెనక్కి నడుస్తూ గోడకీ బండికీ మధ్య ఇరుక్కునే పరిస్థితి వస్తే అది పొట్టకి తగలగానే బండి దానంతట అదే అవతలి వైపుకి వెళ్లిపోతుంది. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎటూ ఉంటుంది. ఇంకోటి, చాలా టగ్‌లకి బ్రేకుని చేత్తో వదిలించే లివర్ ఒకటి ఉంటుంది, చెడిపోయిన బండిని తోసుకెళ్లడానికి. దాన్ని వాలు మీద ముట్టుకోకూడదు, అస్సలు. మా షెడ్డుకి వచ్చేవాటిలో కొన్నిటికి ఆ లివర్‌ని తాడుతో కట్టేసి ఉంచుతారు, బండి తేలిగ్గా కదులుతుందని. చూస్తేనే భయమేస్తుంది.

అంతా బాగున్నా ఇంకో మెలిక ఉంది. బ్రేకు చక్రాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చక్రం నేలని పట్టి ఉంచాలి కదా. ర్యాంపు మీద కిచెన్ జిడ్డు, చెత్త నీళ్లు కారి ఉంటే చక్రం తిరగకుండానే బండి జారిపోతుంది. అందుకే టగ్ బరువు కూడా చూడాలి, మరీ తేలిక బండి వద్దు. కొన్ని మోడళ్లు డబ్బాని కొక్కెంతో కాస్త పైకి ఎత్తి ఆ బరువుని తమ చక్రం మీదికి తెచ్చుకుంటాయి, వాలు ఉన్నచోట అవి నయం. ర్యాంపు నున్నగా ఉంటే గాట్లు కొట్టించండి.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
మెకానిక్ గారూ, మా ర్యాంపుని రాత్రి షిఫ్టు వాళ్లు పైపు పెట్టి కడుగుతారు, ఆరకముందే డబ్బాలు పైకి వెళ్తాయి. ఆ టైం మార్చేస్తాను. డబ్బా అడుగున నీళ్లు వదిలే మూత ఉంది కదా, కొన్నిటికి అది ఊడిపోయి దారంతా కారుతోంది, అవి కూడా వేయిస్తాను.

టగ్ పై వైపు ఉండాలా, కింది వైపా? ఎక్కేటప్పుడు ముందు నుంచి లాగుతాం సరే, దిగేటప్పుడు?

గాజువాక_మెకానిక్
మెషీన్‌తో వచ్చే పుస్తకంలో ఏం రాసి ఉంటే అదే పాటించండి, మోడల్‌ని బట్టి మారుతుంది. నేను చూసినంతవరకు మనిషి ఎప్పుడూ డబ్బాకి పై వైపే ఉండాలి. ఎక్కేటప్పుడు టగ్ ముందు, డబ్బా వెనక. దిగేటప్పుడు డబ్బా ముందు కిందికి, టగ్ పై నుంచి పట్టుకుని మెల్లగా వదులుతూ. మలుపు తిప్పడం ర్యాంపు మీద పెట్టుకోవద్దు, సమతలంలోనే తిప్పి వరస చేసుకుని ఎక్కించాలి. ఇంకా, 1100 డబ్బాలకి సాధారణంగా నాలుగు చక్రాలూ గుండ్రంగా తిరిగేవే ఉంటాయి, అలా లాగితే వెనక భాగం పక్కకి ఊగి గోడకి కొట్టుకుంటుంది. రెండు చక్రాలకి దిశ లాక్ ఉన్నవి వేయిస్తే తిన్నగా వస్తుంది. ర్యాంపు మీద ఒక్క డబ్బానే, రెండు కలిపి కట్టుకుని లాగడం సమతలంలో అయితే ఆలోచించవచ్చు.

హెల్త్‌సిటీ_హౌస్‌కీపింగ్
ఆరిలోవ వైపు ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. మా దగ్గర ర్యాంపు లేదు, లిఫ్టు. అక్కడ అందరూ మర్చిపోయే సంగతి చెప్తాను, ఇది చదివే ఆసుపత్రి వాళ్లకి పనికొస్తుంది. లిఫ్టులో 10 మంది అని రాసి ఉంటే మనిషికి 68 కిలోల లెక్కన 680 కిలోలు. నిండు డబ్బా 500, టగ్ 150 అనుకోండి, నడిపే మనిషి 68, కలిపితే 718. దాటేసింది. 13 మంది లిఫ్టు అయితే 884, అది సరిపోతుంది. మేము డబ్బాని లిఫ్టులోకి పంపి టగ్‌ని బయటే ఉంచుతాం, పై అంతస్తులో ఇంకో ఏర్పాటు. లిఫ్టు నేలకి, బయట నేలకి మధ్య కొంచెం ఎత్తు తేడా ఉన్నా చిన్న చక్రం అక్కడే పట్టేస్తుంది, అప్పుడు ఊపు ఇచ్చి తోస్తే డబ్బా వాలిపోయే ప్రమాదం ఉంది.

బయోమెడికల్ చెత్తకి వేరే లెక్క. 2016 నిబంధనల ప్రకారం చెత్త రకాన్ని బట్టి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరువేరుగా, శుద్ధి చేయని చెత్త 48 గంటలకి మించి ఉంచకూడదు. ఆ డబ్బాలు లాగే టగ్‌తో భోజనం ట్రాలీలు, దుప్పట్ల ట్రాలీలు లాగకూడదు, మా దగ్గర దానికి రంగు స్టిక్కర్ వేసి వేరే పెట్టాం. హ్యాండిల్ ప్రతి షిఫ్టుకీ తుడవాలి, చేతి తొడుగులతో చెత్త ముట్టి అదే చేత్తో బటన్లు నొక్కుతారు కాబట్టి.

మల్కాపురం_అమ్మాయి
నేను ఎక్కువ చదవడమే గానీ రాయను, ఈ టాపిక్ చూసి రాస్తున్నా. మా అమ్మ హౌస్‌కీపింగ్లో చేస్తుంది, ఎక్కడో చెప్పను. డబ్బా తోసి తోసి ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేదు. వాళ్ల దగ్గర కూడా మెషీన్ కొన్నారు. కానీ దాన్ని మగవాళ్లకే నేర్పారు. వాళ్లు డ్యూటీలో లేనప్పుడు ఆడవాళ్లు చేత్తోనే తోస్తారు, మెషీన్ మూల నిలబడి ఉంటుంది. అడిగితే "మీకు రాదులే అమ్మా, పాడు చేస్తారు" అన్నారట. మా అమ్మ స్కూటీ నడుపుతుంది! దయచేసి మీ హోటల్లో ఆడవాళ్లకి ముందు నేర్పండి సార్. హ్యాండిల్ ఎత్తు మార్చుకునేది తీసుకోండి, పొట్టిగా ఉన్నవాళ్లు చేతులు పైకెత్తి పట్టుకుంటే భుజాలు పోతాయి. చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా పైన కోటో, ప్యాంటు యూనిఫామో ఇవ్వండి, హవాయి చెప్పులతో ఆ పని చేయించకండి.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. మా దగ్గర ఆ పని చేసేవాళ్లలో సగం పైన ఆడవాళ్లే. డెమోకి వాళ్లనే పిలుస్తాను, హ్యాండిల్ వాళ్ల చేతిలో పెట్టి నడపమంటాను, వాళ్లు బాగుందంటేనే ఆర్డర్. గట్టి ముందుభాగం ఉన్న బూట్లు కూడా బడ్జెట్లో కలిపాను.

ఏజెన్సీ_మనిషి
నేను మ్యాన్‌పవర్ కాంట్రాక్టు వైపు నుంచి చెప్తాను. మెషీన్ హోటల్‌ది, మనుషులు ఏజెన్సీ వాళ్లు. దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అని తర్వాత కొట్టుకోవడం కంటే అగ్రిమెంట్లో ముందే రాసుకోండి. ట్రైనింగ్ ఎవరు ఇస్తారు, సర్వీసింగ్ ఎవరు చేయిస్తారు, కొత్త మనిషి చేరితే నేర్పకుండా తాళం ఇవ్వకూడదని.

పరవాడ_సేఫ్టీ
అది మంచి మాట. దానికి తోడు ఈఎస్ఐ సంగతి. కాంట్రాక్టు మనుషులైనా చందా కట్టే మొదటి బాధ్యత చట్ట ప్రకారం అసలు యజమానిదే, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పనిలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, పని చేయలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది. పాదం వాచిన ఆమెకి యాక్సిడెంట్ రిపోర్టు ఫారం 12 పంపారా? చిన్న దెబ్బే కదా అని వదిలేస్తారు, రేపు అదే పాదం నొప్పి ముదిరితే ఆమె చేతిలో కాగితం ఉండదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం హోటళ్లకి వచ్చేది కాదు, కానీ దాంట్లో 34వ సెక్షన్ ఏం చెప్పేదో పైవాళ్లకి చూపించండి, గాయం అయ్యేంత బరువు ఏ కార్మికుడితోనూ ఎత్తించకూడదు, మోయించకూడదు, కదిలించకూడదు అని. ఫ్యాక్టరీలో పనిచేసే నడుమైనా హోటల్లో పనిచేసే నడుమైనా ఒకటే కదా.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
పంపలేదు. రేపు ఏజెన్సీ వాళ్లని కూర్చోబెట్టి పంపిస్తాను.

ఛార్జింగ్ గురించి కూడా చెప్పండి ఎవరైనా. చెత్త గది పక్కనే ప్లగ్ ఉంది, అక్కడ పెట్టేద్దామనుకుంటున్నాం.

గాజువాక_మెకానిక్
చెత్త గది పక్కన వద్దు. అక్కడ రోజూ నీళ్లతో కడుగుతారు, బేస్‌మెంట్లో గాలి ఆడదు. నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోటే ఉండాలి, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. సీల్డ్ జెల్ అయితే ఆ బాధ తక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఖరీదు ఎక్కువే గానీ మీలా ఒక పూట వాడి కాసేపు ఛార్జ్ పెట్టి మళ్లీ వాడేచోట ఎక్కువ ఏళ్లు వస్తుంది. లెడ్ యాసిడ్‌ని పూర్తిగా దింపేసి రాత్రంతా అలా వదిలేస్తే తొందరగా చచ్చిపోతుంది, అది చాలాచోట్ల చూస్తాను. సాకెట్‌కి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించండి. టగ్‌ని ప్రెషర్ పైపుతో కడగనివ్వొద్దు, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఛార్జింగ్ స్పాట్ ర్యాంపు పైన, సెక్యూరిటీ గది పక్కన పెడితే నయం, ఎవరు తీశారు ఎప్పుడు తీశారు అన్నది కళ్ల ముందు ఉంటుంది.

కంచరపాలెం_కుర్రోడు
ఇదంతా చదివాక నేను పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌట్. చెత్త బండి దగ్గర డబ్బాని పైకెత్తి వంచుతారు కదా, అక్కడ కూడా మా వాళ్లు చేతులు పెట్టి సర్దుతుంటారు, అది సేఫేనా?

పరవాడ_సేఫ్టీ
కాదు తమ్ముడూ, చాలా ప్రమాదం. 1100 డబ్బాకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన బొడిపెలు ఉంటాయి, బండి చేతులు వాటిని పట్టుకుని ఎత్తుతాయి. చిన్న డబ్బాలకి ముందు అంచుని దువ్వెన లాంటి పట్టీ పట్టుకుంటుంది. డబ్బా సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, అందరూ పక్కకి జరిగాక, లివర్ దగ్గర ఉన్న ఒక్కడే నడపాలి. ఎత్తుతుండగా లోపల ఇరుక్కున్న సంచీ తీయాలంటే డబ్బాని కిందికి దించి, ఆపి, అప్పుడు తీయాలి. అంచు దాకా నింపి మూత పడని డబ్బా అయితే వంచేటప్పుడు చెత్త తల మీద పడుతుంది, గీత పెట్టమన్నది అందుకు కూడా.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
ఇద్దరు సేల్స్ వాళ్లకీ ఇప్పుడే ఫోన్ చేశాను. డెమో షోరూమ్‌లో వద్దు, మా ర్యాంపు మీదే, గీత దాకా నింపిన డబ్బాతో చూపించమన్నాను. మధ్యలో ఆపాలి, తాళం తీసేయాలి, మళ్లీ కిందికి దించాలి. ఒకాయన సరే అన్నాడు. రెండో ఆయన "ర్యాంపు మీద అంత లోడుతో మేము డెమో ఇవ్వం సార్" అన్నాడు.

గాజువాక_మెకానిక్
రెండో ఆయన్ని లిస్టులోంచి తీసేయండి. డెమో రోజు డబ్బాకి కింది వైపు ర్యాంపు మొత్తం ఖాళీగా ఉండాలి, మనుషులే కాదు కార్లు కూడా. మొదట ఖాళీ డబ్బాతో, తర్వాత సగం, ఆ తర్వాతే నిండుది. నాకు ఆదివారం ఖాళీ, కావాలంటే వచ్చి బ్రేకు చూస్తాను మాస్టారూ.

బీచ్‌రోడ్_ఫెసిలిటీ
తప్పకుండా రండి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టాను, ఆ టైంకి ర్యాంపు పొడిగా ఉంటుంది, కార్లు కూడా తక్కువ. మెసేజ్‌లో అడ్రస్ పంపుతున్నా.